అత్తమ్మ అలమరల రెండు పచ్చ చీరలు

మా ఇంట్ల అలమర తలుపు తీయనీకి ఒక పద్ధతి ఉండేది. కుడి మోకాలు కింది అరకు ఆనించాలె, తల పక్కకు జరపాలె, అప్పుడు మెల్లగ తలుపు గుంజాలె. లేకపోతే పై అరల కుక్కిన దుప్పట్ల మూట నెత్తిన పడ్తది. పెండ్లయి ఆరేండ్లయినా మా ఆయనకు ఈ పద్ధతి రాలె. "నా నీలం షర్ట్ ఏది?" అని ఒక కేక, ఎంబడే ధబ్‌మని సప్పుడు. వంటింట్ల నేను, అత్తమ్మ మొఖాలు చూసుకొని నవ్వుకునేటోళ్ళం.

ఎల్బీ నగర్‌ల రెండు బెడ్రూముల కిరాయి ఇల్లు మాది. అయిదుగురం ఉంటం. నేను, మా ఆయన, మా పాప, అత్తమ్మ, మామయ్య. అందరి బట్టలకు గోడల ఒక్కటే అలమర, మూడు తలుపులది. మొదటి తలుపు మా ఇద్దరిది, నడిమిది పాపది, మామయ్యది. మూడోది అత్తమ్మది. దానికి తాళం ఉంటది, తాళంచెవి ఆమె బొడ్ల ఉంటది. ఆ తలుపు లోపల ఏమున్నదో పోయిన ఎండకాలం దాక నేను చూడలె.

మా పుట్టిల్లు కర్మన్‌ఘాట్, తాతల నాటి నుంచి అక్కడోళ్ళమే. అత్తమ్మవాళ్ళు గుంటూరు దిక్కు నుంచి ముప్పై ఏండ్ల కింద ఒచ్చిన్రు గని మాట ఇంకా అక్కడిదే. నేను "అత్తమ్మా" అంటే మొదట్ల ఆమెకు వింతగ ఉండేదట. ఇప్పుడు "అత్తయ్యా" అని పిలిస్తే ఇంకెవర్నో పిలుస్తున్ననని పలుకది. ఇద్దరికి పడ్తది. కూరల చింతపండు ఎంత పొయ్యాలె అన్నకాడనే లొల్లి.

పోయిన ఎండకాలం మూడు సంగతులు ఒక్కసారి ఒచ్చినయి. నేను పాఠాలు చెప్పే ప్రైవేటు బడికి సెలవులు ఇచ్చిన్రు. మా ఆయన కంపెనీ మూతపడ్డది, కొత్త నౌకరి దొరికింది గని ఇంకో నెల ఆగాలె. అత్తమ్మకు కంటి ఆపరేషన్ అయింది. నెల దాక వంగొద్దు, బరువు ఎత్తొద్దు, చుక్కలు మరవొద్దు అని డాక్టరు చెప్పిండు. ఇంట్ల అందరం ఉన్నం, చేతుల పైసల్లేవు, రోజుకు పదిసార్లు ఆ దుప్పట్ల మూట ఎవరో ఒకరి నెత్తిన పడుడే. ఒకరోజు పాప నెత్తిన పడ్డది. పిల్ల ఏడ్సుడు చూసి నాకు తిక్క లేసింది. "ఇయ్యాల ఈ అలమరనన్న ఉండాలె, నేనన్న ఉండాలె" అన్న.

ముందుగాల కార్పెంటర్‌ను పిలిచిన. ఆయన కొలిచి, తల గోక్కొని, లోపల కొత్త అరలు, సొరుగులు ఏస్తనన్నడు. ఆయన చెప్పిన రేటుకు నా మూడు నెల్ల జీతం సాలది. ఛాయ్ పోసి పంపించిన. పైనుంచి మా ఓనరు గోడకు మొల గూడ కొట్టనియ్యడు. సరే, ఐదొందలల్ల అయిపోవాలె, మొల కొట్టకుండ అయిపోవాలె అని ఒట్టు పెట్టుకున్న.

మొదటి రెండు తలుపుల బట్టలన్నీ తీసి మంచం మీద పోసిన. మంచం కనపడలె. తొడిగేటియి ఒక కుప్ప, ఇచ్చేటియి ఒక కుప్ప, ఏం చేయాలెనో తెల్వనియి ఒక కుప్ప. మూడో కుప్పనే పెద్దది. అండ్ల సగం మా ఆయన కాలేజీ నాటి షర్టులు. ఒక్కొక్కటి లేపి చూపిస్తుంటే ఒక్కొక్క దానికి ఒక కథ చెప్తడు.

"అది నా లక్కీ షర్టే, పారెయ్యకు."

"ఆ లక్కీ షర్ట్ ఏస్కొని పోయిన దినమే గదా నీ కంపెనీ మూసింది?"

మా ఆయన లేసి కిరాణా షాపుకు పోయి నూనె ప్యాకెట్ల అట్టడబ్బాలు అడుక్కొచ్చిండు. గా పని మాత్రం బుద్ధిగ చేసిండు. డబ్బాలను అర ఎత్తుకు కోసి, పాత దుప్పటి గుడ్డ అంటించి, అరల్ల వరసగ పెట్టినం. టీషర్టులు ఒకదాని మీద ఒకటి పేర్చకుండ నిలువుగ మడిచి డబ్బాలల్ల నిలబెట్టిన. ఒకటి గుంజితే పది కూలవు. నా చీర, దాని లంగా, జాకెట్టు కలిపి ఒక్కొక్క సెట్టు పాత దిండు గలీబుల ఏసిన. చినిగిన కాటన్ చీరకు జేబులు కుట్టి తలుపు లోపలి దిక్కు తాడుతోని కట్టిన, చున్నీలు, సాక్సులు అండ్లకే. అరల్ల పేపరు పరిచి, పురుగు పట్టకుండ వేపాకు, డాంబర్ గోలీలు ఏసిన. మెట్రోల దిల్‌సుఖ్‌నగర్‌కు పోయి ఫుట్‌పాత్ మీద బేరం చేసి రెండు డజన్ల హ్యాంగర్లు తెచ్చిన. ఇచ్చే కుప్పను పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆమె ముంగట పోసిన. ఆమె చిన్న గిన్నె చూపిచ్చింది, నేను పెద్ద బేసిన్ అడిగిన, గంట సేపు గుంజులాడి బేసినే తీసుకున్న.

సాయంత్రానికి తలుపు తీస్తే ఏమీ పడలె. మామయ్య నాలుగుసార్లు తీసి మూసి, మళ్ళ తీసి చూసిండు. పాప తన గౌన్లు తనే తీసుకున్నది. నాకు ఎంత నిమ్మలమైందంటే, కుర్చీ ఏసుకొని ఆ అలమర ముంగట కూసొని ఛాయ్ తాగిన.

అది చూసి అత్తమ్మ నల్లద్దాలు సర్దుకొని బొడ్ల తాళంచెవి తీసింది. "అమ్మాయ్, నీ చేయి పడితే నాదీ బాగుపడుద్ది. నేను వంగకూడదు కదా. చీరలు మాత్రం జాగ్రత్తమ్మా" అన్నది. ఆరేండ్లల్ల మొదటిసారి ఆ తాళంచెవి నా చేతికొచ్చింది. నాకు మస్తు గర్వమనిపించింది. అబద్ధమెందుకు చెప్పాలె.

తెల్లారి మధ్యాహ్నం ఆమె చుక్కలేసుకొని పండుకున్నంక మూడో తలుపు తీసిన. ఒక అరల ఆమె కట్టుకునే చీరలు. మిగిలిన అరల నిండ పెట్టుడు చీరలే. గృహప్రవేశమని, సీమంతమని, బారసాలని చుట్టాలు బొట్టుపెట్టి చేతుల పెట్టినయి. అండ్ల ఎక్కువ కట్టుకోరు. మడత ఇప్పకుండ దాచి, మనం ఇంకొకరి ఇంటికి పోయినప్పుడు పెట్టనీకి వాడుకుంటరు. మడత ఇప్పితే ఇగ ఆ చీర పెట్టనీకి పనికి రాదు. మా కర్మన్‌ఘాట్‌ల గూడ గింతే. ఏ చీర ఎవరిదో మా అమ్మ నోటిమీదనే చెప్తది.

అత్తమ్మ చీరల్ల మాత్రం ప్రతిదానికి లోపలి మడతల ఒక చిన్న కాయితం. నాలుగు మడతలు పెట్టి, గుండుసూదితోని గుచ్చి ఉన్నది. దుకాణం బిల్లులో, లాండ్రీ చీటీలో అనుకున్న. సూదులు తుప్పు పట్టి కొన్ని చీరలకు ఎర్రటి మచ్చలు పడ్డయి. అయ్యో, మంచి చీరలు పాడైతున్నయి గదా అని నాకు అదొక్కటే ధ్యాస. కూసొని అన్ని సూదులూ పీకిన. కాయితాలన్నీ ఒక స్వీటు డబ్బల ఏసిన. చీరలను రంగుల ప్రకారం పేర్చిన. ఎర్రయి ఒక దిక్కు, పసుపువి ఒక దిక్కు, నీలాలు, పచ్చలు. ఫోన్ల వీడియోలల్ల పేర్చినట్టే ఒచ్చింది. నా పనికి నేనే మురిసిపోయిన.

అంతా అయినంక ఊకె ఒక కాయితం ఇప్పిన. అత్తమ్మ చేతిరాత. "వదిన, మనవడి బారసాల." ఇంకోటి ఇప్పిన. "తెనాలి పిన్ని, గృహప్రవేశం." ఏ చీర ఎవరు పెట్టిన్రో రాసుకున్న చీటీలవి. పెట్టినామెకే తిరిగి పెట్టకుండ.

ఆ చీటీలు ఎందుకు మొదలైనయో ఈ లోకంల అందరికన్న నాకే బాగ ఎరుక. మా పెండ్లిల జరిగిన సంగతి అది. అత్తమ్మకు ఒక్కతే అక్క, దిల్‌సుఖ్‌నగర్‌ల ఉంటది. నేను పెద్దత్తమ్మ అంట. పెండ్లిల చెల్లె అక్కకు బట్టలు పెట్టింది. పెద్దత్తమ్మ ఆ చీర అంచు చూసింది. అంతకుముందు ఏడు తను చెల్లెకు పెట్టిన చీరనే అది. "నా చీర నాకే పెడతావా?" అని అందరి ముంగట కుర్చీల పడేసి, అన్నం తినకుండ ఎల్లిపోయింది. పీటల మీద నేను జీలకర్ర బెల్లం చేతుల పట్టుకొని చూస్తున్న. అప్పటినుంచి అక్కచెల్లెండ్లకు మాటల్లేవు. నడుమ ఉన్నది రెండు మెట్రో స్టేషన్లు. చుట్టాలల్ల ఎవరో అన్న మాట ఆరేండ్లుగ నా చెవుల ఉన్నది. "కోడలు గడప తొక్కిన రోజే అక్కచెల్లెళ్ళు విడిపోయారు" అన్నరు. అత్తమ్మ ఒక్కనాడు ఆ మాట అనలె. అనకపోయినా నా పాణం కొట్టుకునేది.

చీటీల సంగతి అత్తమ్మకు పొద్దుగూకినంక నెమ్మదిగ చెప్తమనుకున్న. గంతల్నే ఫోన్ మోగింది. అత్తమ్మ లేసి మాట్లాడింది.

"అక్కయ్య. ఆపరేషన్ సంగతి ఎవరో చెప్పారంట. ఎల్లుండి చూడ్డానికి వస్తానంది." పొద్దటినుంచి నిలబడ్డట్టు మంచం మీద కూలబడ్డది. "అమ్మాయ్, ఆరేళ్ళ తర్వాత అక్క ఇంటికొస్తే వట్టి చేతులతో ఎలా పంపుతాం? నా అలమరలో ఆకుపచ్చ మంగళగిరి చీర ఉంది, మా ఆడపడుచు పెట్టింది. అది తీసి పక్కన పెట్టు. చీటీ చూసి తియ్యమ్మా, మీ పెళ్ళికి ముందెప్పుడో అక్క పెట్టినది కూడా పచ్చదే ఒకటుంది. పొరపాటున అది పెట్టామంటే ఇక నా బతుక్కి అక్క లేనట్టే."

నేను "సరే అత్తమ్మా" అన్న.

రాత్రికల్ల ఆ రెండు పచ్చ చీరలు నా ఒడిల పెట్టుకొని కూసున్న. రెండూ మంగళగిరివే, రెండిటికీ సన్న జరీ అంచే. డబ్బల రెండు చీటీలు. ఒకదాని మీద "ఆడపడుచు", ఇంకోదాని మీద "అక్క". ఏది ఏ చీరదో ఆ దేవునికే ఎరుక. సూది రంధ్రాలు గూడ చూసిన. ఏం తెలుస్తది? అలమరల చేనేత చీరలు ఆ రెండే, మిగిలినయి పలుచటి సిల్కు గుడ్డలు. ఆరేండ్లకు ఒచ్చే అక్కకు అసొంటిది పెడితే అదొక అవమానం.

మా ఆయనకు చెప్పిన. "ఏదో ఒకటి పెట్టేయ్, సగానికి సగం ఛాన్స్ ఉంది" అన్నడు.

"మీ పెద్దమ్మ కుర్చీల పడేస్తే నువ్వు ఏరుకుంటవా?" అన్న. దుప్పటి కప్పుకొని పండుకున్నడు.

తెల్లారి హ్యాంగర్లు కొనంగ మిగిలిన పైసలు పట్టుకొని మళ్ళ దిల్‌సుఖ్‌నగర్ పోయిన. కొత్త చీరనే కొందామని. నాలుగు దుకాణాలు ఎక్కి దిగిన. నా చేతుల ఉన్న పైసలకు ఒచ్చేది మళ్ళ గా పలుచటి పెట్టుడు చీరనే. దుకాణపాయన గూడ "పెట్టడానికేనా అమ్మా?" అని అడిగిండు. ఆ మాటకు ఏడుపొచ్చింది. ఉత్త చేతులతోని ఇంటికొచ్చిన.

అత్తమ్మకు చెప్పాలె అనుకుంటనే ఉన్న. ఆమె ఏమో ఆ రెండు దినాలు నేలమీద లేదు. వంగొద్దన్న మనిషి ఇల్లంత తిరుగుతున్నది. అక్కకు బొబ్బట్లు ఇష్టమంటది, కాఫీల చక్కెర ఎయ్యొద్దంటది, మామయ్యను పాత బనీను ఇడవమంటది. ఆ సంబురం చూస్తే నాకు చెప్పబుద్ధి కాలె. పిరికిదాన్ని, ఒప్పుకుంట.

పెద్దత్తమ్మ పదకొండు గంటలకు ఒచ్చింది. సన్నగ అయింది. చేతుల యాపిల్ పండ్ల కవరు. "కన్ను ఎలా ఉంది?" అన్నది. "బానే ఉంది అక్కయ్యా" అన్నది అత్తమ్మ. అటెన్క చుక్కల మందు పేరు మాట్లాడుకున్నరు. డాక్టరు మంచోడా అని మాట్లాడుకున్నరు. బొబ్బట్లు తిన్నరు. ఆరేండ్ల సంగతి ఇద్దరూ ఎత్తలె. పెద్దత్తమ్మ గడియారం చూసి "ఇక వెళ్తానే" అని లేసింది.

అత్తమ్మ నా దిక్కు తిరిగింది. "అమ్మాయ్, అక్కకి బొట్టు పెట్టాలి, ఆ చీర తీసుకురా."

బెడ్రూముల అలమర ముంగట నిలబడ్డ. అంత ముచ్చటగ సదిరిన అలమర, రంగు రంగు చీరలు. నా చేతుల రెండు పచ్చయి. ఒకటి పట్టుకొని గడప దాక పోయిన, మళ్ళ ఎనక్కొచ్చి ఇంకోటి పట్టుకున్న. ఈ అక్కచెల్లెండ్ల బంధాన్ని బొమ్మా బొరుసూ ఏస్తనా అనిపించింది. ఛీ అనిపించింది. రెండు చీరలూ ఒక్క పళ్ళెంల పెట్టుకొని బయటికొచ్చిన.

"పెద్దత్తమ్మా, నన్ను తిట్టాలంటే తిట్టున్రి. అత్తమ్మ తప్పేం లేదు. ఈ రెండిట్ల ఒకటి మీరు పెట్టిందే. చీటీలు ఉండె, అలమర సదురుకుంట నేను పీకేసిన. ఇప్పుడు ఏది మీదో నాకు తెల్వది. మీ చీర మళ్ళ మీకే ఒస్తదేమో అని రెండు దినాల నుంచి నిద్ర లేదు. ఏది మీది కాదో మీరే చెప్పున్రి."

గబగబ అనేసిన. అత్తమ్మ సోఫా చేయి గట్టిగ పట్టుకున్నది. మామయ్య పేపరు కిందికి దించిండు. పెద్దత్తమ్మ ఆ పళ్ళెం దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. ఒక చీర ఎత్తి అంచు చూసింది. రెండోది ఎత్తింది. మళ్ళ మొదటిది.

"నాకేం తెలుసే?" అన్నది.

మాకు అర్థం కాలె.

"నేను పెట్టింది నేనేమన్నా కొన్నానా? ఎవరో నాకు పెడితే, తెచ్చి దీనికి పెట్టాను. ఎవరు పెట్టారో కూడా గుర్తు లేదు. ఏది నాదో నేనెలా చెప్పను?"

ముందుగాల మామయ్యకు నవ్వొచ్చింది. ఆయన పేపరు ఎనక దాచుకుందామనుకున్నడు, భుజాలు ఆగలె. తరువాత నాకొచ్చింది. పెద్దత్తమ్మ మొఖం గంభీరంగ పెట్టుకుందామని చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. అత్తమ్మ ఒక్కతే నవ్వలె.

"మరైతే ఆ రోజు ఎందుకే అంత గొడవ చేశావు?" అన్నది. "ఆరేళ్ళు అక్కయ్యా. ఆరేళ్ళు నాతో మాట్లాడలేదు."

పెద్దత్తమ్మ నవ్వు ఆగింది. మళ్ళ కూసున్నది. "అది వేరే. పెళ్ళిలో నాకు పెట్టావే, ఆ చీర నేను కొన్నాను. నీకని కొన్నాను. నాలుగు దుకాణాలు తిరిగి, నీ రంగుకి ఏది నప్పుద్దో చూసి చూసి కొన్నాను. నువ్వు కట్టుకుంటావనుకున్నాను. నువ్వు దాని మడత కూడా విప్పలేదు. కొట్టువాడు పెట్టిన మడత పెట్టినట్టే నా చేతికి తిరిగొచ్చింది."

ఆరేండ్లు చుట్టాలందరూ ఎన్ని మాట్లాడిన్రు, మర్యాద అన్నరు, పరువు అన్నరు, నా అడుగు అన్నరు. ఒక్కరికి గూడ ఈ సంగతి తెల్వదు. చెల్లెకు గూడ తెల్వదు. ఆ నిమిషంల నా నెత్తి మీదికెల్లి ఎంత బరువు దిగిందో నేను చెప్పలేను. హమ్మయ్య అనుకున్న, వెంటనే ఆ పెద్దామె మొఖం చూసి నాకే సిగ్గనిపించింది.

అత్తమ్మ అద్దాలు తీసింది. తీయొద్దని డాక్టరు చెప్పిండు, అయినా తీసింది. "తప్పు నాదే అక్కయ్యా" అన్నది. "నువ్వు కొన్నావని నాకు తట్టలేదు. అన్ని చీరల్లో కలిపి పెట్టేశాను." నా చేతులకెల్లి పళ్ళెం గుంజుకున్నది. ఒక పచ్చ చీర తీసి కొస పట్టుకొని జర్రున దులిపింది. ఆరు గజాల చీర సోఫా మీద, టీపాయ్ మీద, బొబ్బట్ల ప్లేటు మీద పడ్డది. రెండోది గూడ అట్లనే దులిపింది. ఇగ ఆ రెండు చీరలూ ఎవరికీ పెట్టనీకి పనికి రావు, కట్టుకొనుడొక్కటే.

"ఏది కావాలో తీసుకో" అన్నది అక్కతోని. "రెండోది నేను కట్టుకుంటా."

పెద్దత్తమ్మ రెండిటినీ చెల్లె భుజం మీద ఏసి చూసింది. కిటికీ దిక్కు తిప్పి చూసింది. "నీకు ఈ ముదురు పచ్చ నప్పుద్దే" అని అది ఆమెకు ఇచ్చి, ఇంకోటి చేతుల పట్టుకొని నన్ను అడిగింది, "బట్టలు మార్చుకునే గది ఎక్కడమ్మా?"

ఫాల్ కుట్టలె, ఇస్తిరి లేదు, ఆమె మీద ఉన్నది మెరూన్ జాకెట్టు. ఏ ఆడమనిషి గూడ గట్ల బయటికి పోదు. ఆమె పోయింది. ఎల్బీ నగర్ మెట్రో మెట్ల దాక చెల్లె చేయి పట్టుకొని నడిచింది, నేను ఎనక యాపిల్ పండ్ల కవరుల బొబ్బట్లు పట్టుకొని నడిచిన. మెట్ల కాడ కొత్త చీర కుచ్చిళ్ళు జారుతుంటే అత్తమ్మ డాక్టరు మాట మరిచి వంగి సరిచేసింది.

"వంగకూడదంటే వినవేం?" అని కసిరింది అక్క.

"నువ్వు కదలకుండా నిలబడు" అన్నది చెల్లె.